రాక్షసుడికి పక్కవాద్యం

ఆ రోజు చైత్ర బహుళ త్రయోదశి. ఎన్నేళ్ళ తరవాత అడిగినా కేతకుడు ఆ తిథిని తడుముకోకుండా చెప్పేవాడు. దానికి కారణం పంచాంగం కాదు, పలహారం. ఆ పొద్దున అతను తిన్నవి నానబెట్టిన అటుకులు, ఒక బెల్లం ముక్క, సగం అరటిపండు. మిగతా సగం గండభేరుండ పక్షి ఎడమ తల తినేసింది. దాంతో కుడి తల అలిగింది. కుడి తల అలగడం వల్లే అంత ఎత్తున, మబ్బుల నడుమ, ఆ పక్షి ఒకేసారి రెండు దిక్కులకు ఎగరడం మొదలుపెట్టింది.

“ఎడమకి తిరగాలి. గవ్వలకోట అటే,” అంది ఎడమ తల.

“అవునండీ,” అన్నాడు దాని వీపు మీద కూర్చున్న కేతకుడు.

“అరటిపండు తిన్నవాళ్ళకి దారేం తెలుస్తుంది? కుడికే,” అంది కుడి తల.

“అవునండీ,” అన్నాడు కేతకుడు.

“ఒరే కేతకా!” అని అతని చంకకు వేలాడుతున్న సంచిలోంచి బోలుగా ఒక గొంతు కసిరింది. “ఎవరేమన్నా అవునంటావేమిట్రా? నీ నోట్లో ఇంకో మాట పుట్టదా?”

“పుట్టదండీ గురువుగారూ,” అని కేతకుడు సంచిని మరింత జాగ్రత్తగా పొదివి పట్టుకున్నాడు.

ఆ సంచిలో ఉన్నది ఒక మట్టికుండ. నెల కిందటి వరకూ ఆ కుండ హిరణ్యపర్ణ రాజ్యపు ఆస్థాన గాయకుడు ఘనరావ పండితుడు. నిండు కొలువులో ఆయన పాడుతుండగా, అతిథిగా వచ్చిన జంబీరుడనే మాంత్రికుడు పెద్దగా తుమ్మాడు. పండితుడు పాట ఆపి, “ఆ తుమ్ము శ్రుతిలో లేదు,” అన్నాడు. మాంత్రికుడు ముక్కు తుడుచుకుని, చిటికె వేసి, వెళ్ళిపోయాడు. పండితుడి ఆసనం మీద జరీ తలపాగా చుట్టుకున్న కుండ ఒకటి మిగిలింది.

మాట్లాడే కుండతో కాలం గడవక పోదు. కాని దాని అంచు మీద ఒక బీట పుట్టింది. పెద్ద చప్పుడు విన్నప్పుడల్లా ఆ బీట కిందికి పాకుతోంది. అది అడుగు తాకిన రోజున కుండ రెండు చెక్కలవుతుంది, పండితుడు ఇక ఉండడు. జంబీరుడి గవ్వలకోటలో నీలిచెలమ అనే ఊట ఉంది. ఆ నీళ్ళు ఒక్క దోసెడు పోస్తే మాయ విడిపోతుంది. సేనాపతి మొదలు చెలికత్తెల వరకూ అందరికీ ఆ రోజు ఏదో ఒక పని పడింది. కుండను చంకనేసుకుని బయల్దేరింది పక్కవాద్యగాడు కేతకుడు ఒక్కడే.

చిన్నప్పటినుంచీ అతనికి తెలిసిన విద్య ఒకటే: ఫిడేలుతో ఇంకొకరి వెనక నడవడం. పండితుడు ఒక పలుకు పాడతాడు, కేతకుడు దాన్నే కమాను మీద పలికిస్తాడు. పండితుడు ఆగితే ఆ ఖాళీ నింపుతాడు. పండితుడు మొదలుపెడితే తాను తగ్గుతాడు. పండితుడి స్వరం జారితే, అది జారినట్టు ఎవరికీ తెలియకుండా కింద దుప్పటి పరిచినట్టు ఫిడేలు పరుస్తాడు. తానుగా మొదలుపెట్టి ఒక్క పాటయినా వాయించిన పాపాన పోలేదు.

ఇంతలో పక్షి ఎడమ రెక్క ఎడమకూ, కుడి రెక్క కుడికీ కొట్టుకోవడంతో అది బొంగరంలా గిర్రున తిరగసాగింది. మబ్బులు గిర్రున తిరిగాయి. కింద కొండలు గిర్రున తిరిగాయి. కేతకుడి భుజాన ఫిడేలు పెట్టె కూడా గిర్రున తిరిగింది.

“దిగిపోండి! మాకు కళ్ళు తిరుగుతున్నాయి!” అన్నాయి రెండు తలలూ. పొద్దుటినుంచీ అవి ఒప్పుకున్న మొదటి మాట అది. అంటూనే వీపు ఒక్కసారి దులిపింది పక్షి.

కేతకుడు కుండను కడుపులో దాచుకుని, ఫిడేలు పెట్టెను నెత్తిన పెట్టుకుని, కళ్ళు మూసుకుని పడ్డాడు. కింద బూరుగుతోపు ఉండటం, ఆ వారమే కాయలు పగిలి మోకాలి లోతున దూది పరుచుకుని ఉండటం వల్ల, పడినప్పుడు ‘మెత్త’ అన్నంత చప్పుడు కూడా కాలేదు. లేచి చూస్తే చెవుల్లో దూది, ముక్కులో దూది. కుండకు మాత్రం గీత కూడా పెరగలేదు.

“చచ్చామా?” అంది కుండ.

“లేదండీ. పరుపు మీద పడ్డాం.”

తల ఎత్తి చూస్తే ఎదురుగా గవ్వలకోట!

ఆహా, ఏమి కోట అది! సముద్రం తన కడుపులోని గవ్వలన్నీ ఒక్క పూట అప్పిచ్చి తిరిగి అడగడం మరిచిపోయినట్టుంది. గోడలు తెల్లగవ్వలతో పాలమీగడలా మెరుస్తున్నాయి. బురుజులు శంఖాల్లా మెలికలు తిరిగి పైకి లేచాయి. గాలి వాటిలోంచి దూరినప్పుడు ఎవరో ముసలాయన నిద్రలో మూలిగినట్టుంది. కందకంలో గులాబీరంగు కలువలు. కలువల మీద పచ్చని కప్పలు. కప్పల మీద పడమటి ఎండ. వాకిట ఏనుగు అంబారీతో దూరిపోయేంత ఎత్తున నల్లరాతి తలుపు. తలుపుకు ఇరువైపులా బారులు తీరి గుమ్మడికాయలు. దగ్గరికి వెళ్ళి చూస్తే కొన్నిటికి మీసాలున్నాయి. ఒకదానికి నుదుటి మీద గంధం బొట్టు ఇంకా ఆరలేదు.

తలుపు ముందు ఒక రాక్షసుడు కొండంత గుండిగలో అంబలి కాస్తూ, తాటిమొద్దుతో కలుపుతున్నాడు. కింది పెదవి గడ్డం దాటి రొమ్ము మీదికి వేలాడుతోంది. పేరు లంబోష్ఠుడు.

“ఎవడురా అదీ!” అని గర్జించాడు.

చిటుక్కుమని కుండ బీట ఒక అంగుళం దిగింది.

“అయ్యా, అయ్యా! కాస్త మెల్లిగా,” అన్నాడు కేతకుడు, కుండ అంచుకు అరచేయి అడ్డుపెట్టి. “మా గురువుగారికి పడదు.”

“నా గొంతే ఇంత. ఏం చెయ్యమంటావ్? ముందు నియమం విను.” రాక్షసుడు ఆవులించి, వెయ్యిసార్లు చెప్పి విసిగిన పాఠంలా ఏకరువు పెట్టాడు. “తలుపు మీద చెక్కింది ఏకాంగి. ఒంటి ఫిడేలు కోసం కట్టిన పాట. నాలుగు అంకాలు. తంబూరా ఉండకూడదు, మృదంగం ఉండకూడదు, గాయకుడు ఉండకూడదు. ఒక్కడే అన్నీ అయి వాయించాలి. మొత్తం వాయిస్తే తలుపు తీస్తా. మధ్యలో చెడితే గుమ్మడికాయవి.”

“కూరకా, దప్పళానికా?” అంది కుండ.

“దప్పళానికే. మా జంబీరుడయ్యకి ముక్క మెత్తగా ఉండాలి.”

కేతకుడు తలుపు వంక చూశాడు. పై అంచు దగ్గర మొదలై గడప దాకా స్వరాలు చీమలబారులా చెక్కి ఉన్నాయి. ఒక వరసలో పాట. దాని కింద వరసలో ఆ పాటను తరిమే పాట. ఆ కింద శ్రుతి. ఆ కింద దరువు. అన్నీ ఒకే ఫిడేలు మీద, ఒకే కమానుతో, ఒకేసారి! నలుగురు మనుషులు ఒకే చొక్కాలో దూరాల్సిన పని.

“గురువుగారూ, నాతో కాదేమోనండీ. ముందు ఎవరైనా పాడితే గాని నాకు చేయి లేవదు.”

“ఒరే, నా బీట ఎక్కడిదాకా వచ్చిందిరా?”

కేతకుడు చూశాడు. అడుక్కి నాలుగు వేళ్ళ ఎడం మిగిలింది. కమానుకు గుగ్గిలం రాశాడు. బిరడాలు తిప్పి తీగలు సరిచేశాడు. “మీరు మాత్రం తాళం వేయకండి గురువుగారూ. తోడు అనుకుంటారు,” అన్నాడు.

“చేతులుంటే కదట్రా!” అంది కుండ.

మొదటి అంకం తలుపు పైభాగాన ఉంది. కేతకుడు ఒక గుమ్మడికాయను క్షమాపణ అడిగి, దాని మీదికెక్కి, మునివేళ్ళ మీద నిలబడి వాయించాడు. గంభీరమైన నడక. రెండేసి తీగలు కలిసి మోగాలి. పట్టాభిషేకానికి ఏనుగు వస్తున్నట్టు ఒక్కొక్క స్వరం అడుగు వేసింది. కింద గుమ్మడికాయ మీసాలు నిక్కబొడుచుకున్నాయి.

రెండో అంకం నడిమి ఎత్తున ఉంది. అది తరుముడు పాట. ఒక గొంతు పరుగెత్తుతుంది, రెండో గొంతు అదే మాట అంటూ వెంటపడుతుంది, మూడోది ఆ రెండిటినీ తరుముతుంది. తనను తానే తరుముకుంటూ, తనకు తానే దొరక్కుండా తప్పించుకుంటూ కేతకుడి వేళ్ళు తీగల మీద కుందేళ్ళయ్యాయి. మోచేయి రెండుసార్లు అతని చెవికే తగిలింది. కప్పలు కలువల మీంచి కలువల మీదికి గెంతడం మొదలుపెట్టాయి. రాక్షసుడు అంబలి కలపడం ఆపేశాడు.

“భళా!” అనబోయి కుండ నోరు మూసుకుంది.

మూడో అంకం కింద ఉంది. దానికోసం కేతకుడు నేల మీద బాసింపట్టు వేసి కూర్చున్నాడు. అది నెమ్మది పాట. పసివాణ్ణి నిద్రపుచ్చి, ఆ పక్కనే కూర్చుని బియ్యం ఏరుకుంటున్నట్టుండే పాట. పాట సగంలో రాయి మీద చిన్న ఖాళీ ఉంది. ఊపిరి పీల్చుకునేంత ఖాళీ, అంతే.

అక్కడే కేతకుడు పొరపాటు చేశాడు. ఖాళీ రాగానే పాతికేళ్ళ అలవాటు అతని చేతిని పట్టేసింది. కమాను తీగ మీంచి లేపి, తల పక్కకు వంచి, ‘ఇక తమరు’ అన్నట్టు మర్యాదగా ఆగాడు. కచేరీలో గాయకుడికి చోటిచ్చినట్టు, ఊపిరికి మించి ఆగాడు.

ఆ ఖాళీలో ఒక కూనిరాగం వినబడింది.

బండి ఇరుసులో ఇసుక పడినట్టుంది ఆ గొంతు. లంబోష్ఠుడు తాటిమొద్దు పట్టుకుని, కళ్ళు మూసుకుని, అంబలి వంక తిరిగి పాడుతున్నాడు:

“కాగవే అంబలీ కాగవే తల్లీ,
ఆకలిగొన్నవాడు అలిగిపోకముందే…”

కేతకుడు ఏం చేయాలి? తలుపు వంక తిరిగి తన పాట తాను వాయించుకోవాలి. నాలుగో అంకం ఇంకా మిగిలే ఉంది, గడపకు ఆనుకుని. పొట్ట మీద పడుకుని వాయించాల్సినంత కింద. కాని ఎవరో పాడుతున్నారు! పాడేవాళ్ళను ఒంటరిగా వదిలేయడం కేతకుడికి చేతకాదు. కమాను దానంతటదే లేచింది. రాక్షసుడి వెనక నడిచింది.

స్వరం జారినచోట ఫిడేలు కూడా జారి, అదే అసలు దారి అన్నట్టు పలికింది. తాళం తప్పినచోట ఒక చిన్న మెలిక వేసి, తప్పినదాన్ని ఒప్పు చేసింది. రాక్షసుడు ఒక కన్ను తెరిచాడు. తన గొంతు ఇంత బాగుంటుందని అతనికి ఇన్ని యుగాల్లో తెలియదు. రెండో కన్ను కూడా తెరిచి, రొమ్ము విరుచుకుని, ఎలుగెత్తాడు.

కోట బురుజుల మీంచి గవ్వలు రాలాయి. చిటుక్, చిటుక్, చిటుక్! బీట అడుక్కి రెండు వేళ్ళ దూరానికి వచ్చేసింది.

“కేతకా! పోతున్నాన్రా!” అంది కుండ.

పాడేవాణ్ణి ‘మెల్లిగా పాడు’ అంటే ఇంకా పెంచుతాడని పక్కవాద్యగాళ్ళకు తెలుసు. కేతకుడు నోరెత్తలేదు. ఫిడేలు తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. తీగ మీద కమాను బరువంతా తీసేసి, దోమ రెక్కంత నాదం మాత్రం మిగిల్చాడు. రాక్షసుడికి అది వినబడలేదు. వినబడకపోతే తన గొంతు మళ్ళీ ఇసుకబండి అవుతుంది. ఆ తీపి కోసం చెవి ఒగ్గి, గొంతు దించాడు. ఫిడేలు ఇంకాస్త తగ్గింది. గొంతూ తగ్గింది. చివరికి ఆ కొండంత మనిషి, పక్కగదిలో పాప పడుకుని ఉన్నట్టు, గుసగుసగా పాడి పాట ముగించాడు.

లంబోష్ఠుడు తాటిమొద్దు పక్కన పెట్టాడు.

“ఒరే,” అంది కుండ అనుమానంగా. “గుడి ఉత్సవంలో నేను పాడేప్పుడు నీ ఫిడేలు ఇట్లాగే తగ్గుతూ వచ్చింది. అంటే ఇన్నాళ్ళూ నన్ను కూడా…”

“తమరి గొంతు నొప్పి పుడుతుందని అండీ,” అన్నాడు కేతకుడు తల దించుకుని.

లంబోష్ఠుడు వేలాడే పెదవితోనే కళ్ళు తుడుచుకున్నాడు. “మా ఆవిడ పాట అది. అంబలి కలిపేటప్పుడు పాడేది. ఆవిడ పోయాక నేను పాడితే కాకులు లేచిపోయేవి. ఇవాళ ఆవిడ పక్కన నించుని పాడుతున్నట్టే అనిపించింది, అబ్బాయ్.” అంతలోనే అతని ముఖం మాడింది. “కాని నువ్వు ఏకాంగి చెడగొట్టావే! నాలుగో అంకం వాయించనే లేదు. నిన్నిప్పుడు గుమ్మడికాయని చెయ్యాలి. నియమం.”

“ఆగు, ఆగు,” అంది కుండ. పాట లేకపోయినా వాదన ఉంటే పండితుడికి ప్రాణం లేచివస్తుంది. “చెడగొట్టింది ఎవరయ్యా? మావాడు ఖాళీ ఇచ్చాడు. ఖాళీ రాయి మీదే ఉందా లేదా?”

“ఉంది.”

“అందులో దూరి పాడింది ఎవరు?”

“…నేనే.”

“ఏకాంగిలో గాయకుడు ఉండకూడదన్నది ఎవరు?”

“నేనే.” రాక్షసుడు బిక్కమొహం వేశాడు. “అయితే నేను గుమ్మడికాయనవ్వాలా? అంత పెద్ద గుమ్మడికాయకి చింతపండు ఎక్కడ తెస్తారయ్యా?”

“వద్దు మామా, అంతదాకా ఎందుకు,” అన్నాడు కేతకుడు. “తలుపు తీస్తే చాలు. నీళ్ళు తీసుకుని, వచ్చేటప్పుడు నీతో ఇంకో పాట వాయిస్తాను.”

“మామా అన్నావు?”

“అన్నాను.”

“ఇంకో పాటంటే… ఆవిడ దంపుళ్ళ పాట కూడా ఉంది.”

“అదే వాయిద్దాం.”

రాక్షసుడు తలుపు మీద చేయి వేసి, చటుక్కున వెనక్కి తీశాడు. “అబ్బాయ్, ఈ తలుపుతో ఒక చిక్కుంది. తెరిస్తే ఒక కేక, మూస్తే ఒక కేక. నా గొంతు జంబీరుడయ్యకి అలవాటే గాని, ఆ కేక వింటే మాత్రం లేస్తాడు. నీ కుండ సంగతి సరేసరి, ఈ కొండకే బీట పడుతుంది.”

కేతకుడు తలుపు తిరిగే రాతి బందుల వంక చూశాడు. రాక్షసుడు కూడా చూశాడు. తరవాత మెల్లిగా తన జుట్టుముడి విప్పాడు. అందులోంచి ఒక సొరకాయబుర్ర తీశాడు. దాన్నిండా ఆముదం.

“తలకి రాసుకుందామని దాచుకున్నా,” అని, కింది బందుకు దోసెడు, నడిమి బందుకు దోసెడు, పై బందుకు మిగిలిందంతా పోశాడు. బుర్రలో చివరి చుక్కను వేలితో తీసి, నెత్తిన రాసుకోబోయి, అది కూడా బందుకే రాశాడు.

తలుపు తెరుచుకుంది. నూనెలో గరిటె తిరిగినంత చప్పుడు కూడా లేదు.

లోపల సాయంత్రపు వెలుగు ఇంకా కాస్త మిగిలి ఉంది. నీలపురాళ్ళు పరిచిన ముంగిలి. ముంగిలి నడుమ నీలిచెలమ. ఆకాశం ముక్క ఒకటి జారిపడి నీళ్ళయిందా అన్నట్టు వెలుగుతోంది. చెలమ గట్టు మీద పట్టుపరుపు వేసుకుని, పొద్దు వాలగానే పడుకునే అలవాటున్న జంబీరుడు గురక పెడుతున్నాడు. అతని తెల్లగడ్డం పరుపు దిగి, చెలమ చుట్టూ కొండచిలువలా చుట్టలు చుట్టుకుని, చివర మళ్ళీ అతని పిడికిట్లోకే వచ్చి చేరింది. ఆ గడ్డం దాటకుండా నీళ్ళు ముట్టుకోవడం ఈగ వల్ల కూడా కాదు.

కేతకుడు కుండను రొమ్ముకు అదుముకుని ఒక అడుగు వేశాడు. గురక సాగుతోంది. ఇంకో అడుగు వేశాడు. గడ్డం మొదటి చుట్ట మీదికి కాలు ఎత్తాడు.

గురక ఆగింది.

“ఎవరది?” అన్నాడు మాంత్రికుడు, కళ్ళు తెరవకుండానే. పిడికిట్లో గడ్డం కొస మెల్లిగా బిగుసుకుంది.

కేతకుడు ఒంటికాలి మీద అట్లాగే నిలబడ్డాడు. వెనక్కి పరుగెత్తుదామని తల తిప్పి చూశాడు. తలుపుకు లోపలివైపు గొళ్ళెం గాని, గడియ గాని, పట్టుకునే పిడి గాని ఏదీ లేదు.

తలుపు అవతల లంబోష్ఠుడికి ఆ మాట వినబడలేదు. అతని ధ్యాసంతా తలుపు మీదే ఉంది. భార్య ఉన్న రోజుల్లో ఆవిడది తేలిక నిద్ర కావడంతో, రోజూ పొద్దు గూకగానే ఇంటి తలుపును ఎట్లా వేసేవాడో చేతులకు ఇంకా గుర్తుంది. అంబలి ఉడికే చప్పుడుకు కూడా లోపల అయ్య లేవకూడదని, రెండు అరచేతులూ రాతికి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఆ కాస్త సందులోంచి అతిథి వీపును ఒకసారి ఆప్యాయంగా చూసుకుని, చుక్క చప్పుడు కాకుండా ఆ రాత్రికి తలుపు మూసేశాడు.